గట్టిదనం చెప్పారు, పూత నిలుస్తుందో లేదో చెప్పలేదు: బోరైడ్ పూతల పరిశోధకులకు, రివ్యూయర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కటింగ్ టూల్స్ మీద పలుచని పూతలు వేసే వర్క్‌షాపులో వాక్యూమ్ చాంబర్ నడపడం నా పని. మీరు రాసే పేపర్లే నాకు పాఠ్యపుస్తకాలు. కొత్త టార్గెట్, అంటే పూతకు ముడిసరుకైన పలక, బిగించే ముందు రోజు రాత్రి వాటిని ముందేసుకుని కూర్చుంటాను. ఎంత పవర్, ఎంత బయాస్ (టూల్‌కి ఇచ్చే వోల్టేజి), ఆర్గాన్ గ్యాసు ఎంత, టార్గెట్‌కీ టూల్‌కీ మధ్య దూరం ఎంత అన్నవి మీ పట్టికల్లో చూసుకునే మొదలుపెడతాను. అందుకే ఈ మాట మీతోనే చెప్పుకోవాలి. టైటానియం డైబోరైడ్ లాంటి లోహ బోరైడ్ (లోహం, బోరాన్ కలిసిన పదార్థం) పూతల గురించి రాసేటప్పుడు గట్టిదనం అంకె ఒక్కటి ఇచ్చి ఆగిపోకండి. పూతలో ఎంత ఒత్తిడి ఉంది, బోరాన్‌కీ లోహానికీ పాళ్లు ఎంత, ఆక్సిజన్ ఎంత చేరింది, ఎంత మందం దాటాక పూత ఊడిపోయింది అన్నవి కూడా రాయండి. ఇవి లేని పేపరు పట్టుకుని చాంబర్ దగ్గర నిలబడితే ఏమవుతుందో నాకు అనుభవం మీద తెలుసు.

ఒకసారి అల్యూమినియం మిల్లింగ్ కోసం కార్బైడ్ ఎండ్‌మిల్స్ (తిరుగుతూ లోహాన్ని చెక్కే టూల్స్) పూతకు వచ్చాయి. అల్యూమినియం కోసేటప్పుడు వచ్చే పెద్ద బాధ అందరికీ తెలిసిందే. లోహం అంచుకు అతుక్కుంటుంది, ముద్దలా పేరుకుంటుంది, కాసేపటికి అంచును కూడా పెరుక్కుని ఊడిపోతుంది. మామూలుగా ఉక్కు కోసే టూల్స్‌కి వేసే టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత ఇక్కడ పనికిరాదు, అందులోనే అల్యూమినియం ఉంది. టైటానియం డైబోరైడ్‌కి అల్యూమినియంతో ఆ అంటు తక్కువ, చిప్ (కోసినప్పుడు లేచే లోహపు తునక) జారిపోతుంది. అందుకని నేను ఒక పేపరులో చూసిన సెట్టింగులు తీసుకున్నాను. 50 గిగాపాస్కల్ (గట్టిదనానికీ ఒత్తిడికీ వాడే కొలమానం) దాటిన గట్టిదనం అని అందులో రాసి ఉంది. బయాస్, పీడనం, ఉష్ణోగ్రత అన్నీ దాదాపు అలాగే పెట్టాను. మందం మాత్రం మా అలవాటు ప్రకారం 3 మైక్రాన్లకు తీసుకెళ్లాను. చాంబర్ తెరిస్తే టూల్స్ వెండి బూడిద రంగులో, చూడ ముచ్చటగా ఉన్నాయి. మర్నాడు ఉదయం మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అంచుల వెంబడి పూత పెచ్చులు లేచి ఉంది. ఒక్క చిప్ కూడా కోయలేదు, ఎవరూ వాటిని ముట్టుకోలేదు. రాత్రికి రాత్రి దానంతట అదే ఊడింది.

ఆ పేపరు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒత్తిడి గురించి ఒక్క వాక్యం లేదు. పూత ఎంత మందమో ఒకచోట ఉంది, అది 1 మైక్రాన్ కూడా లేదు. రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. మాకు కావలసింది వాళ్లు చెప్పలేదు, అంతే.

మీకు తెలియనిది కాదు గానీ, దీని లెక్క ఇలా ఉంటుంది. బయాస్ పెంచితే అయాన్లు పూతను గట్టిగా కొడతాయి, పరమాణువులు చోటు చాలక ఇరుక్కుంటాయి, పూత పక్కలకు విస్తరించాలని చూస్తుంది. కింద ఉన్న కార్బైడ్ దాన్ని కదలనివ్వదు. స్పట్టర్ చేసిన (అయాన్లతో టార్గెట్‌ను కొట్టి, రాలిన పరమాణువులతో వేసిన) బోరైడ్ పూతల్లో ఇలాంటి సంపీడన ఒత్తిడి కొన్ని గిగాపాస్కల్ దాకా వెళ్తుంది. పూతను పైకి లేపే శక్తి ఆ ఒత్తిడి వర్గాన్ని బట్టీ, మందాన్ని బట్టీ పెరుగుతుంది. ఒత్తిడి రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలు అవుతుంది. మందం మూడింతలైతే ఆ శక్తీ మూడింతలే. అందుకే 1 మైక్రాన్ లోపు చక్కగా కూర్చున్న పూత, అదే సెట్టింగుల్లో 3 మైక్రాన్లకు వెళ్లేసరికి లేచిపోయింది. పైగా పదునైన అంచు దగ్గర పూతకు రెండు వైపులా పట్టు ఉండదు. ఊడటం అక్కడే మొదలవుతుంది, టూల్‌కి పూత అవసరమైనదీ అక్కడే. చివరికి బయాస్ తగ్గించి, మందం సగానికి దించి, మూడు వారాలు కుస్తీ పట్టాక పూత నిలబడింది. గట్టిదనం పేపరులో ఉన్నదానికంటే బాగా తక్కువ వచ్చింది. ఆ టూల్స్ మాత్రం అల్యూమినియం శుభ్రంగా కోశాయి.

ఒత్తిడి కొలవడం కష్టమైన పని కూడా కాదు. ఉక్కు పట్టీల మీద నికెల్ పూత వేసి, ఆ పట్టీ ఎంత వంగిందో చూసి పూతలోని ఒత్తిడి లెక్క కట్టే పద్ధతిని స్టోనీ 1909లో చూపించాడు. ఇప్పుడు మీ చాంబర్‌లో టూల్ పక్కనే ఒక పలుచని సిలికాన్ పట్టీ పెట్టి, పూతకు ముందూ తరవాతా దాని వంపు చూస్తే చాలు. వందేళ్లు దాటిన పద్ధతి, అరపూట పని. అయినా ఎన్నో బోరైడ్ పేపర్లలో ఆ అంకె దొరకదు.

గట్టిదనం అంకె దగ్గరికే వద్దాం. 40 గిగాపాస్కల్ దాటితే సూపర్‌హార్డ్ అని పిలవడం ఈ రంగంలో ఆనవాయితీ. ఆ గీత దాటాలన్న తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ ఎంత బరువు పెట్టి కొలిచారన్నది చెప్పకపోతే అంకెకు అర్థం లేదు. రీనియం డైబోరైడ్ కథ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2007లో వచ్చిన పేపరులో 0.49 న్యూటన్ బరువు దగ్గర 48 గిగాపాస్కల్ అని ఉంది. అదే పదార్థం 4.9 న్యూటన్ దగ్గర దాదాపు 30కి దిగింది. దాన్ని సూపర్‌హార్డ్ అనవచ్చా అని ఆ ఏడాదే అభ్యంతరాలు అచ్చయ్యాయి. ఆ పేపరు రాసినవాళ్లను నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే ఏ బరువు దగ్గర ఎంత వచ్చిందో వాళ్లే రాశారు. అందుకే ఆ వాదన సాధ్యమైంది. పలుచని పూతల్లో ఇది ఇంకా ముఖ్యం. గట్టిదనం కొలిచే సూది, పూత మందంలో పదో వంతు కంటే లోతుకు దిగితే కింది లోహం గట్టిదనం కూడా కలిసిపోతుంది. మరీ పైపైన ఆగితే ఉపరితలం గరుకుదనం, సూది మొన మొద్దుబారడం లెక్కను పాడుచేస్తాయి. ఏ లోతు దగ్గర కొలిచారో ఒక్క వాక్యం రాస్తే మేం ఆ అంకెను నమ్మి వాడుకుంటాం.

ఇక బోరాన్ పాళ్లు. నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టింది ఇదే. టార్గెట్ మీద టైటానియం ఒకటికి బోరాన్ రెండు అని ఉంటే పూత కూడా అంతే అనుకుని చాలా పేపర్లు శీర్షికలోనే అలా రాసేస్తాయి. అసలు సంగతి వేరు. స్పట్టరింగ్‌లో బోరాన్ పరమాణువులు ఎక్కువగా టార్గెట్‌కి ఎదురుగా, నిటారుగా ఎగురుతాయి. టైటానియం పక్కలకు ఎక్కువగా చెదురుతుంది. అందుకని టార్గెట్‌కి ఎదురుగా పెట్టిన టూల్ మీద బోరాన్ పాలు రెండు దాటి, 2.4, ఒక్కోసారి 3 దాకా కూడా వస్తుంది. గ్యాసు పీడనం మారితే మారుతుంది, దూరం మారితే మారుతుంది. ఒకే బ్యాచ్‌లో మధ్యలో పెట్టిన టూల్‌కీ చివర పెట్టిన టూల్‌కీ మధ్య కూడా మారుతుంది. మీ ల్యాబ్‌లో నాణెమంత ముక్క మధ్యలో పెడతారు, మాకు తిరిగే స్టాండు మీద వందల టూల్స్ ఉంటాయి. మీరు చెప్పిన ఒక్క అంకె వాటిలో ఏ వరుసకు సరిపోతుందో మేం ఎలా తెలుసుకోవాలి?

ఎక్కువైన బోరాన్ ఎప్పుడూ తప్పు కూడా కాదు, ఈ రంగంలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించే విషయం అది. 2005లో మేర్‌హోఫర్, మిటరర్, గ్రీన్, పెట్రోవ్ తదితరులు రాసిన పేపరు చదివిన రోజు నాకు ఇంకా గుర్తు. వాళ్ల పూతలో బోరాన్ పాలు 2.4. ఆ అదనపు బోరాన్ ఎక్కడికి పోయిందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. కొన్ని నానోమీటర్ల వెడల్పున్న సన్నటి స్తంభాలుగా బోరైడ్ పెరిగింది, ఆ స్తంభాల మధ్య సందుల్లో అదనపు బోరాన్ పలుచని పొరలా సర్దుకుంది. స్తంభాలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఆ పొర పట్టి ఉంచుతుంది. గట్టిదనం 60 గిగాపాస్కల్ దాకా వచ్చింది. అంకె చెప్పారు, కారణం చూపించారు, పాళ్లు కొలిచి మరీ రాశారు. నేను అడుగుతున్నది ఈ తీరు రాతే. ఆ తరవాత హై పవర్ ఇంపల్స్ స్పట్టరింగ్‌తో (భారీ పవర్‌ను చిన్న చిన్న పల్సులుగా ఇచ్చే పద్ధతి) టైటానియంను ఎక్కువగా అయాన్లుగా మార్చి, పాళ్లను రెండు కంటే కిందికి కూడా దించవచ్చని చూపించినవాళ్లున్నారు. అంటే పాళ్లు మన చేతిలో తిప్పగలిగే మీట. ఆ మీట ఎక్కడుందో చెప్పకుండా గట్టిదనం మాత్రం చెబితే ఏం లాభం?

బోరాన్‌ను కొలవడం కష్టమని తెలుసు. అది ఇచ్చే ఎక్స్‌రే శక్తి దాదాపు 183 ఎలక్ట్రాన్ వోల్టులే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు తగిలించిన మామూలు ఈడీఎస్ డిటెక్టర్ (ఎక్స్‌రే శక్తిని బట్టి మూలకాలను గుర్తించేది) అక్కడ తడబడుతుంది. ఆ డిటెక్టర్ ఇచ్చిన అంకెను దశాంశం తరవాత రెండు స్థానాల దాకా రాయడం మాత్రం సరికాదు. వేగమైన అయాన్లతో కొట్టి, ఎగిరిపడిన పరమాణువులను లెక్కించే ఎలాస్టిక్ రీకాయిల్ లాంటి పద్ధతులకు యాక్సిలరేటర్ కావాలి, అది అందరికీ అందుబాటులో ఉండదు. లేనప్పుడు లేదనే రాయండి. ఇది టార్గెట్ పాళ్లు, పూత పాళ్లు కొలవలేదు అన్న ఒక్క వాక్యం నాకు ఎంతో మేలు చేస్తుంది. పేపరు విలువ దానివల్ల తగ్గదు. ఇది రివ్యూయర్లు గట్టిగా పట్టుకోవలసిన చోటు అని నా అభిప్రాయం.

ఆక్సిజన్ గురించి రాయకుండా ఉండలేను. టైటానియంకీ ఆక్సిజన్ అంటే ఇష్టమే, బోరాన్‌కీ ఇష్టమే. పొడి నొక్కి వేడితో గట్టిపరిచిన బోరైడ్ టార్గెట్లలోనే కొంత ఆక్సిజన్ దాగి ఉంటుంది. చాంబర్ గోడల నుంచి వచ్చే తేమ మరికొంత కలుపుతుంది. పూత వదులుగా పెరిగితే బయటికి తీశాక కూడా స్తంభాల మధ్య సందుల్లోంచి గాలి చేరుతూనే ఉంటుంది. పేపర్లలో బేస్ ప్రెషర్ (పూత మొదలుపెట్టే ముందు చాంబర్‌లో మిగిలిన పీడనం) అంకె ఉంటుంది గానీ, ఎంతసేపు పంపు చేశారు, వేడి చేసి తేమ తరిమారా, టార్గెట్‌ను ముందు షట్టర్ మూసి ఎన్ని నిమిషాలు శుభ్రం చేశారు అన్నవి ఉండవు. మా పనిలో బ్యాచ్ నెగ్గేదీ ఓడేదీ ఆ నిమిషాల మీదే.

మీ ముందుమాటల్లో తరచూ కనిపించే ఇంకో వాక్యం నన్ను బాధపెడుతుంది. టైటానియం డైబోరైడ్ దాదాపు 3,200 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి అధిక ఉష్ణోగ్రతకు అనువైనది అని. కరగడం వేరు, గాలిలో నిలవడం వేరు. గాలిలో అది 500 డిగ్రీల చుట్టుపక్కలే ఆక్సిడైజ్ కావడం మొదలుపెడుతుంది. టైటానియం ఆక్సైడు, బోరాన్ ఆక్సైడు ఏర్పడతాయి. బోరాన్ ఆక్సైడు 450 డిగ్రీల దగ్గరే కరిగి గాజులా పరుచుకుంటుంది, కొంతకాలం కిందిదాన్ని కాపాడుతుంది కూడా. వేడి 1,000 డిగ్రీలు దాటేకొద్దీ ఆవిరైపోతుంది. గది వాతావరణంలోనైతే తేమను పీల్చుకుని బోరిక్ ఆమ్లం అవుతుంది. ఆ వాక్యాన్ని నమ్మి ఒక కస్టమర్ పొడిగా, వేగంగా ఉక్కు కోసే పనికి ఈ పూత అడిగితే, నేను ఎంత చెప్పినా వినిపించుకోలేదు. పేపరులో ఉంది కదా అన్నాడు. పూత ఏమైందో మీరు ఊహించగలరు. జిర్కోనియం, హాఫ్నియం డైబోరైడ్లలో సిలికాన్ కార్బైడ్ కలిపితే బోరోసిలికేట్ గాజు ఏర్పడి ఇంకా ఎక్కువ వేడికి తట్టుకోవడం ఈ ఇబ్బంది గుర్తించినవాళ్ల కృషే. నాసా 1997లోనూ 2000లోనూ అలాంటి పదార్థాలతో చేసిన భాగాలను రాకెట్ మీద పంపి పరీక్షించింది. రెండోసారి కొన్ని భాగాలు పగిలాయి, తయారీలో లోపమే కారణమని తేల్చి రాశారు. అది పూత కాదు, దిమ్మలాంటి పదార్థం. కానీ పగిలిందని రాయడం వల్లే తరవాతివాళ్లు పొడి కలిపే పద్ధతి మీద అంత శ్రద్ధ పెట్టారు.

ప్రతి వాడకానికీ వేరే అంకె కావాలి. అణు రియాక్టర్లలో కొన్ని రకాల యురేనియం ఆక్సైడు బిళ్లల మీద జిర్కోనియం డైబోరైడ్ పలుచని పూత వేస్తారు. అక్కడ గట్టిదనం ఎవరికీ అక్కర్లేదు. ప్రకృతిలో దొరికే బోరాన్‌లో దాదాపు 20 శాతం బోరాన్ 10. అది న్యూట్రాన్లను మింగుతుంది, కొత్త ఇంధనం మొదట్లో మరీ ఉధృతంగా మండకుండా ఆపుతుంది, క్రమంగా తానూ ఖర్చైపోతుంది. అక్కడ కావలసింది బిళ్ల పొడవునా బోరాన్ ఎంత సమానంగా ఉందన్న అంకె. అల్యూమినియం తయారుచేసే ఎలక్ట్రాలిసిస్ తొట్లలో క్యాథోడ్ మీద టైటానియం డైబోరైడ్ వాడాలని చూడటానికి కారణం, కరిగిన అల్యూమినియం దాని మీద చక్కగా తడిపి పరుచుకోవడం. టూల్ మీద మేం ఈ పూత వేసేది అల్యూమినియం అంటుకోకూడదని. ఒకచోట కరిగిన లోహం, ఇంకోచోట గట్టి చిప్, ఉష్ణోగ్రతలు వేరు, సమయం వేరు. అల్యూమినియంతో చర్య జరపదు అన్న ఒకే వాక్యాన్ని రెండు చోట్లా అతికించేస్తే చదివేవాడు తికమకపడడా?

మెగ్నీషియం డైబోరైడ్‌ను తలుచుకుంటే నాకు మీ పని మీద గౌరవం పెరుగుతుంది. 1950ల నుంచీ తెలిసిన పదార్థం. అది 39 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ (నిరోధం లేకుండా కరెంటును పంపే పదార్థం) అవుతుందని అకిమిత్సు బృందం 2001లో చెప్పేదాకా ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాదే, మెగ్నీషియం ఆవిరి సరిపడా ఉంచుతూ డైబోరేన్ గ్యాసు పంపి మేలైన పలుచని పూతలు పెంచే దారి కనిపెట్టారు. దాదాపు 50 ఏళ్లు ఆ సంగతి బయటపడకపోవడానికి కారణం, అది సూపర్‌కండక్టర్ అవుతుందేమో కొలిచి చూడాలని ఎవరికీ తట్టకపోవడమే. మీకు అక్కర్లేదనిపించి వదిలేసిన కొలత ఇంకొకరికి ఎంత పనికొస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

జర్నల్ సంపాదకులకు నా విన్నపం చిన్నదే. బోరైడ్ పూత పేపరు ఏది వచ్చినా ఒత్తిడి, పాళ్లు, వాటిని కొలిచిన పద్ధతి, ఆక్సిజన్ శాతం, సూది దిగిన లోతు, ఇవి లేకపోతే వెనక్కి పంపండి. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ యంత్రంతో ఒక గుంట నొక్కి, దాని చుట్టూ పూత ఎలా పగిలిందో ఫొటో అడగండి. ఆ యంత్రం చాలా వర్క్‌షాపుల్లో ఉంటుంది, ఆ ఒక్క ఫొటో చూస్తే పూత పట్టు ఎలాంటిదో నాకు చాలావరకు తెలిసిపోతుంది. ఊడిపోయిన పూతల గురించి రాసిన పేపర్లను కూడా అచ్చు వేయండి. ఏ మందం దగ్గర, ఏ బయాస్ దగ్గర లేచిపోయిందో తెలిస్తే ఇంకొకరు అదే గోతిలో పడరు. విఫలమైన పని రాస్తే కెరీర్‌కి దెబ్బ అని యువ పరిశోధకులు టెన్షన్ పడతారని నాకు తెలుసు. ఆ భయం పోగొట్టగలిగేది మీరే.

నా వంతుగా చెబుతున్నాను. ఆ ఎండ్‌మిల్స్ నుంచి మొదలుపెట్టి, ఊడిన ప్రతి బ్యాచ్‌లోంచి రెండు ముక్కలు దాచి ఉంచాను. ఒక్కోదాని మీద తేదీ, టార్గెట్, బయాస్, పీడనం, మందం, చాంబర్‌లో ఏ వరుసలో పెట్టానో రాసిన చీటీ అంటించి ఉంది. వాటిలో బోరాన్ ఎంత, ఆక్సిజన్ ఎంత అన్నది కొలిచే సాధనం నా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. మీలో ఎవరు అడిగినా ఆ ముక్కలు, చీటీలతో సహా, పంపడానికి సిద్ధంగా ఉన్నాను. కొలిచి, వచ్చిన అంకెలు ఏవైనా సరే అచ్చు వేయండి.

ఇట్లు,
బోరైడ్ పూతలు వేసే ఒక చాంబర్ ఆపరేటర్